నావికుల ఆరోగ్యంపై దేశాలు కలిసి పరిశోధించాలంటే మొదటి అడుగు ఎక్కడ వేయాలి?

తీరరేఖ (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను వృత్తిపరమైన ఆరోగ్య సమస్యలపై పనిచేసే పరిశోధకురాలిని. వాణిజ్య నౌకల్లో పనిచేసేవారి ఆరోగ్యం మీద కొన్ని దేశాల సహోద్యోగులతో కలిసి ఒక దీర్ఘకాలిక అధ్యయనం మొదలుపెట్టాలని ఏడాదిగా ప్రయత్నిస్తున్నాను. ప్రతిసారీ ఆ ప్రయత్నం ఒకేచోట ఆగిపోతోంది. అందుకే ఓడల మీద బతికినవారిని, వారికి వైద్యం చేసినవారిని, లెక్కల మర్మం తెలిసినవారిని ఇక్కడ అడుగుతున్నాను.

2021లో అంతర్జాతీయ నౌకాయాన సంఘాలు వేసిన లెక్క ప్రకారం వాణిజ్య నౌకల మీద సుమారు 18.9 లక్షల మంది పనిచేస్తున్నారు. వారిని ఎక్కువగా పంపే దేశాలు ఫిలిప్పీన్స్, రష్యా, ఇండోనేషియా, చైనా, భారతదేశం. ఓడ యజమాని ఒక దేశంలో ఉంటాడు, ఓడ నమోదు పనామాలోనో లైబీరియాలోనో మార్షల్ దీవుల్లోనో ఉంటుంది, బీమా ఇంకో దేశపు క్లబ్బు (ఓడ యజమానులు కలిసి నడుపుకునే బీమా సంఘం) చూసుకుంటుంది. నడిసముద్రంలో ఒక మనిషికి గుండెనొప్పి వస్తే మాస్టర్ (ఓడ కెప్టెన్) రాసిన నివేదిక యజమానికి చేరుతుంది. శాటిలైట్ ఫోనులో సలహా చెప్పిన వైద్యుడి నోట్సు వేరొక దేశంలో ఉండిపోతుంది. దించిన రేవులోని ఆసుపత్రి కాగితాలు ఆ రేవులోనే మిగిలిపోతాయి. ఇంటికి చేరాక చేయించుకున్న వైద్యం సంగతి కుటుంబానికి తప్ప ఎవరికీ తెలియదు. ఒకే మనిషి జబ్బు కథ ఇలా నాలుగైదు చోట్ల ముక్కలుగా పడి ఉంటుంది, ఆ ముక్కలను కలిపే బాధ్యత ఎవరి మీదా లేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన సముద్ర కార్మిక ఒప్పందం 2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది. సభ్యదేశాలు నావికుల మరణాలన్నింటినీ విచారించి, నమోదు చేసి, ఏటా ఆ సంస్థకు తెలపాలనీ, ఆ వివరాలను ప్రపంచ స్థాయి పట్టికగా ప్రచురించాలనీ చెప్పే సవరణను మాత్రం 2022లో గానీ ఆమోదించలేదు; అది అమల్లోకి వచ్చింది 2024 డిసెంబర్ 23న. మరణాలకే ఇంత కాలం పట్టినప్పుడు, మరణం దాకా రాని జబ్బుల సంగతి మీరే ఊహించవచ్చు.

గుండె జబ్బులతో మొదలుపెట్టి, నాలుగైదు దేశాల్లో ఒకే ప్రశ్నావళి వాడి, కంపెనీల సహకారంతో సమాచారం సేకరించాలని నా ఆలోచన. ఇందులో లోపం ఎక్కడుందో చెప్పండి.

ఇంజన్‌గది

తీరరేఖ గారూ, ముప్పై ఒక్క ఏళ్లు ఇంజన్ రూముల్లో పనిచేసి, చివరి పదకొండేళ్లు చీఫ్ ఇంజనీర్‌గా ఉండి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. కంపెనీల ద్వారా గుండె జబ్బుల వివరాలు సేకరిస్తే మీకు దొరికేది జబ్బుల లెక్క అవుతుందని నేను అనుకోను. జబ్బును దాచడంలో ఎవరు ఎంత నేర్పరులో తెలిపే లెక్క అవుతుంది.

ఒప్పందం ప్రకారం నావికుడి మెడికల్ సర్టిఫికెట్ రెండేళ్లకు మించి చెల్లదు. ఆచరణలో నావికులను ఓడలకు కుదిర్చే చాలా ఏజెన్సీలు ప్రతి కాంట్రాక్టుకూ ముందు పరీక్ష చేయిస్తాయి. అంటే మనిషి ప్రతి ఎనిమిది తొమ్మిది నెలలకూ తన ఉద్యోగాన్ని ఒక డాక్టరు సంతకం మీద పెట్టి నిలబడతాడు. నాతో పనిచేసిన ఒక సెకండ్ ఇంజనీరుకు రక్తపోటు ఉండేది. మాత్రలను విటమిన్ సీసాలో వేసుకుని తెచ్చుకునేవాడు. ఒకరోజు వాచ్‌లో (డ్యూటీ వంతులో) ప్యూరిఫయర్ అనే ఇంధనం శుద్ధిచేసే యంత్రం పక్కనే కూలబడిపోయాడు. అప్పుడు అక్కడ వేడి నలభై అయిదు డిగ్రీలు దాటి ఉంది. తేరుకోగానే నన్ను అడిగిన మొదటి మాట, "సార్, దీన్ని ఎక్కడా రాయకండి" అని. నేను రాయించాను. తరువాతి రేవులో అతన్ని దింపారు, ఆసుపత్రిలో చేర్చారు, బతికాడు. ఆ కంపెనీ మాత్రం అతన్ని మళ్లీ పిలవలేదు. రాయించినందుకు నాకు పశ్చాత్తాపం లేదు, అయినా ఆ రాత వల్లే అతని ఉద్యోగం పోయిందన్న నిజాన్ని నేను మరిచిపోలేను.

కాబట్టి ప్రశ్నావళి ఎంత చక్కగా తయారుచేసినా, అది యజమాని చేతుల మీదుగా వస్తే నావికుడు దానికి యజమాని వినదలచిన జవాబే రాస్తాడు. ముందు ఆ భయాన్ని ఏం చేస్తారో చెప్పండి.

హారం_ఎక్కడ

నేను ఎపిడెమియాలజీలో, అంటే జనంలో జబ్బుల తీరును లెక్కలతో అధ్యయనం చేసే శాస్త్రంలో పనిచేస్తాను. ఇంజన్‌గది గారు చెప్పిన విషయానికి మా శాస్త్రంలో ఒక పేరుంది, దాన్ని ఆరోగ్యవంతుడైన కార్మికుడి ప్రభావం అంటాము. పరీక్షలో నెగ్గినవారే ఓడ ఎక్కుతారు, జబ్బు పడ్డవారు దిగిపోతారు. అందువల్ల ఏ రోజు లెక్క తీసినా ఓడ మీద ఉన్నవారు ఒడ్డున ఉన్న అదే వయసువారికంటే ఆరోగ్యంగా కనిపిస్తారు. దాన్ని చూసి "సముద్రం మీద పని ఆరోగ్యానికి మంచిదే" అనే తీర్మానానికి రావడం చాలా సులభం, చాలా ప్రమాదకరం కూడా.

అయితే నాకు అంతకంటే పెద్దదిగా కనిపించే ఇబ్బంది హారం. ఫలానా ఏడాది ఫలానా దేశపు నావికుల్లో ఇంతమందికి గుండెపోటు వచ్చిందని తెలిస్తే అది లవం మాత్రమే. ఎంతమంది, మొత్తం ఎన్ని రోజులు సముద్రం మీద గడిపారో తెలియకపోతే ఆ సంఖ్యను దేనితో భాగించాలి? ఆరు నెలల కాంట్రాక్టు చేసినవాడినీ పది నెలలు చేసినవాడినీ ఒకే మనిషిగా లెక్కించలేము. మాకు కావలసింది వ్యక్తి-సంవత్సరాలు, అంటే ఒక్కొక్కరూ ఓడ మీద గడిపిన కాలాన్నంతా కలిపిన మొత్తం. నావికుల సంఖ్య ప్రభుత్వాల దగ్గర దొరుకుతుంది కానీ వారిలో చాలామంది ఏళ్ల తరబడి ఓడ ఎక్కనివారే ఉంటారు, వారి నావికుడి గుర్తింపు పుస్తకం మాత్రం చెల్లుతూ ఉంటుంది.

హారం సరిగ్గా దొరికినచోట ఎంత బలమైన సత్యం బయటపడుతుందో చూడండి. బ్రిటన్‌లో 1976 నుంచి 1995 వరకు వృత్తిలో జరిగిన ప్రమాద మరణాలను పోల్చి 2002లో వెలువరించిన అధ్యయనంలో, మిగతా కార్మికులతో పోలిస్తే వాణిజ్య నావికులకు ప్రాణాంతక ప్రమాదం 26.2 రెట్లు, చేపల వేట చేసేవారికి 52.4 రెట్లు ఎక్కువని తేలింది. బ్రిటిష్ నౌకల మీది మరణాల రికార్డులు ఒకేచోట ఉండటమే అందుకు అవకాశం ఇచ్చింది. అలాగే అయిదు నార్డిక్ దేశాలు తమ జనగణనలను క్యాన్సర్ నమోదులతో వ్యక్తిగత గుర్తింపు సంఖ్య ద్వారా కలిపి, సుమారు కోటీ యాభై లక్షల మందిని వారి వృత్తులవారీగా పరిశీలించాయి. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. నావికుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్) అధికంగా ఉన్నాయని చెప్పగలిగింది ఆ కలయిక వల్లనే. ఆస్బెస్టాస్ పీల్చిన ఇరవై ముప్పై ఏళ్లకు, ఒక్కొక్కసారి ఇంకా ఆలస్యంగా ఆ జబ్బు బయటపడుతుంది. అప్పటికి ఆ మనిషి నావికుడన్న సంగతి ఆసుపత్రి కాగితంలో కూడా ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. ఇటువంటి నమోదులు బాగా ఉన్న దేశాల్లో నావికులు తక్కువ. నావికులు ఎక్కువగా ఉన్న దేశాల్లో వృత్తినీ జబ్బునూ కలిపే నమోదులు బలహీనం. అందువల్ల ప్రపంచ నావికుల గురించి మనకు తెలిసిందనుకున్నదాంట్లో అధికభాగం ఉత్తర ఐరోపా నావికుల గురించే.

కెరటం

నేను పరిశోధకురాలిని కాను, ఒక నావికుడి భార్యను. పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి, కానీ ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

2020లో నా భర్త తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద వెళ్లి పద్నాలుగు నెలలు ఓడలోనే ఉండిపోయారు. ఆ ఏడాది చివరికి కాంట్రాక్టు ముగిసినా దిగలేకపోయినవారు సుమారు నాలుగు లక్షల మంది ఉన్నారని అప్పట్లో వార్తల్లో చదివాను. ఆయన ఇంటికి వచ్చాక ఐదు నెలల పాటు రాత్రి రెండు గంటలకు లేచి కూర్చునేవారు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవారు. తరువాతి కాంట్రాక్టు ముందు జరిగిన మెడికల్‌లో నిద్ర గురించి ఒక ప్రశ్న ఉందట, ఆయన "బాగానే పడుతుంది" అని గీత పెట్టి వచ్చారు.

సముద్రం మీద జరిగింది ఒడ్డుకు వచ్చాకే కనిపిస్తుంది, దాన్ని చూసేది మేము. మీ అధ్యయనంలో మమ్మల్ని కూడా అడుగుతారా?

రేడియో_సలహా

కెరటం గారి ప్రశ్నకు నా తరఫున జవాబు, అడగాలి, తప్పకుండా అడగాలి అని.

నేను ఓడలకు దూరం నుంచి వైద్య సలహా చెప్పే కేంద్రంలో కొన్నేళ్లు పనిచేసిన వైద్యుణ్ణి. ఈ సేవ చాలా పాతది. రోమ్‌లోని అంతర్జాతీయ రేడియో వైద్య కేంద్రం 1935లో ఏర్పడింది, రేడియోను ప్రపంచానికి ఇచ్చిన మార్కోనీ దాని మొదటి అధ్యక్షుడు. జర్మనీలో కుక్స్‌హావెన్, ఫ్రాన్స్‌లో తులూజ్, డెన్మార్క్‌లో ఎస్బియర్గ్ వంటి చోట్ల ఇలాంటి కేంద్రాలు పనిచేస్తున్నాయి. సముద్రం మీద జబ్బు పడ్డ మనిషి గురించి, అతను జబ్బు పడ్డ గంటలోనే రాసిన సమాచారం దొరికేది మా దగ్గరే.

కానీ ఆ సమాచారం స్వభావం కూడా చెప్పాలి. నూరుమంది లేదా అంతకంటే ఎక్కువమందితో మూడు రోజులకు మించి అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలో తప్ప డాక్టరు ఉండాలన్న నియమం లేదు. కాబట్టి సరుకు ఓడలో నాతో మాట్లాడేది శిక్షణ పొందిన ఒక ఆఫీసరు. ఆయనకు ఇంగ్లీషు రెండో భాష, రోగికి మూడో భాష, నాకూ మాతృభాష కాదు. "ఛాతీలో బరువు" అన్న మాట మూడు నోళ్లు దాటి నా దగ్గరకు వచ్చేసరికి "కడుపులో మంట" అయిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. ఈసీజీ పంపగల ఓడలు కొన్ని ఉన్నాయి, చాలా ఓడల్లో ఆ సదుపాయం లేదు. నేను రాసేది అనుమానమే, నిర్ధారణ చాలావరకు రేవులో జరుగుతుంది, ఆ ఫలితం తిరిగి నా దగ్గరకు రావడం అరుదు. నేను గుండెపోటని భయపడి దింపించిన మనిషికి చివరికి ఏమైందో నాకు తెలియని కేసులు ఇప్పటికీ నన్ను వేధిస్తాయి.

కేంద్రాలన్నీ అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణను ఒకే లోతులో వాడవు. ఒకరు లక్షణాన్ని నమోదు చేస్తారు, ఇంకొకరు అనుమానించిన జబ్బును నమోదు చేస్తారు. తీరరేఖ గారూ, మీ సహకారం ఇక్కడ మొదలైతే చాలా మేలు జరుగుతుంది. ప్రతి కేసుకూ మూడు గడులు చాలు: ఓడ నుంచి చెప్పిన లక్షణం, వైద్యుడి అనుమానం, రేవులో తేలిన నిర్ధారణ. మూడో గడి నింపడానికి రేవు ఆసుపత్రి నుంచి సమాచారం తిరిగి వచ్చే దారి ఏర్పరచాలి. ఇది పెద్ద నిధులు అవసరమయ్యే పని కాదు, ఒప్పుకోలు అవసరమయ్యే పని.

తీరరేఖ

మీరందరూ రాసింది రెండుసార్లు చదివాను. గుండె జబ్బులతో మొదలుపెట్టాలన్న నా ఆలోచనను పక్కన పెడుతున్నాను; ఏ జబ్బు అన్నదానికంటే ఏ కొలత అన్నది ముందు తేలాలని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

ఇది రాస్తూ ఉంటే నౌకా వైద్యంలోని రెండు పాత అధ్యయనాలు గుర్తుకు వచ్చాయి. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకా వైద్యుడు సాలిస్‌బరీ అనే యుద్ధనౌక మీద స్కర్వీ (విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు) వచ్చిన పన్నెండు మందిని ఇద్దరిద్దరు చొప్పున విడదీసి, ఒక్కో జతకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ జాతి పళ్లు తిన్న జత త్వరగా కోలుకుంది. అయినా బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని అందరికీ ఇవ్వడానికి 1795 దాకా ఆగింది. జపాన్‌లో తకాకీ కనెహిరో అనే నౌకాదళ వైద్యుడు, 1883లో ముగిసిన ర్యూజో ఓడ ప్రయాణంలో 376 మందిలో 169 మందికి బెరిబెరి (ఆహారలోపం వల్ల వచ్చే జబ్బు) వచ్చి 25 మంది మరణించాక, మరుసటి ఏడాది అదే దారిలో త్సుకుబా అనే ఓడను మార్చిన ఆహారంతో పంపించాడు. ఈసారి జబ్బు కొద్దిమందికే వచ్చింది, ఆ జబ్బుతో ఎవరూ మరణించలేదు.

ఈ రెండు సందర్భాల్లోనూ ఓడ, మనుషులు, వంటగది, రికార్డు, ఆజ్ఞ అన్నీ ఒకే నౌకాదళం చేతిలో ఉన్నాయి. పోలిక సాధ్యమైంది అందుకే. నేటి వాణిజ్య నౌక మీద అటువంటి ఒకే అధికారం ఏ దేశానికీ లేదు. నేను అంతర్జాతీయ సహకారం కావాలంటున్నది ఆ లోటు పూడ్చడానికే.

వాచ్_ఎనిమిది_పన్నెండు

ప్రస్తుతం ఓడ మీదే ఉన్నాను, సెకండ్ ఆఫీసరును. ఓడ ఆసుపత్రి, మందుల పెట్టె నా బాధ్యతలోనే ఉన్నాయి, కనుక రేడియో_సలహా గారు చెప్పిన ఫోనుకు ఇవతలి వైపు ఉండేది నాలాంటివాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓడల కోసం 2007లో వెలువరించిన వైద్య మార్గదర్శి మూడో కూర్పు మా అలమరాలో ఉంటుంది. దాన్ని రాత్రి పూట ఒంటరిగా తిరగేసిన అనుభవం నాకుంది.

రెండు విషయాలు రాస్తాను. మొదటిది అలసట. ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలన్నది నియమం. రికార్డుల్లో అది దాదాపు ఎప్పుడూ పాటించినట్టే కనిపిస్తుంది. ఆ కాగితాల్ని మీరు పరిశోధనకు ఆధారంగా తీసుకుంటే నావికులెవరూ అలసిపోవడం లేదని తేలుతుంది. మాల్మోలోని ప్రపంచ నౌకాయాన విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో వెలువరించిన నివేదిక ఈ రికార్డులను సర్దుబాటు చేసే అలవాటు గురించే. దానికి భిన్నంగా, యూరోపియన్ యూనియన్ నిధులతో హొరైజన్ అనే ప్రాజెక్టు కింద పలు దేశాల సంస్థలు కలిసి, స్వీడన్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ సిమ్యులేటర్ల (ఓడ నడపడాన్ని అనుకరించే యంత్రాల) మీద తొంభై మంది అనుభవజ్ఞులైన ఆఫీసర్లను రోజుల తరబడి నిజమైన వాచ్‌లలో ఉంచి, వారి నిద్రమత్తును పరికరాలతో కొలిచాయి. 2012లో ఫలితాలు వచ్చాయి. ఆరు గంటల పని, ఆరు గంటల విశ్రాంతి పద్ధతిలో నిద్రమత్తు ఎక్కువని, కొందరు వాచ్‌లోనే కునికిపాట్లు పడ్డారని తేలింది. కాగితాన్ని అడగకుండా శరీరాన్ని అడిగారు కాబట్టి దానికి విలువ. అదే పనిని ఇప్పుడు మణికట్టుకు కట్టుకునే చిన్న పరికరాలతో నిజమైన ఓడల మీద చేయవచ్చు.

రెండోది, నేను స్త్రీని. 2021 నాటి అదే లెక్కలో ప్రపంచం మొత్తం మీద ఓడల్లో పనిచేసే స్త్రీలు 24,059 మంది, అంటే నూటికి ఒకటికి కాస్త పైన. రుతుక్రమం, గర్భధారణ, ఇంజన్ రూము రసాయనాల ప్రభావం, వేధింపుల వల్ల కలిగే మానసిక బాధ, వీటిలో దేని గురించైనా సరే ఒక్క దేశపు స్త్రీ నావికుల సంఖ్యతో ఏ నిర్ణయానికీ రాలేరు. దేశాలన్నీ కలిపితేనే మేము లెక్కలో కనిపించేంతమంది అవుతాము. సహకారం ఎందుకు అవసరమో ఎవరైనా నిధులిచ్చేవారు అడిగితే ఈ ఒక్క సంఖ్య చూపించండి.

గోప్యత_పక్షం

ఆరోగ్య సమాచారానికి సంబంధించిన చట్టాల మీద పనిచేస్తాను. ఇక్కడ అందరూ దాటిపోయిన ఒక ముఖ్యమైన అంశం ఉంది.

ఓడ మీద జబ్బు వివరాలు రాయడానికి ప్రామాణికమైన వైద్య నివేదిక పత్రం ఒకటి ఉండాలని సముద్ర కార్మిక ఒప్పందమే చెబుతోంది. అంటే కొత్త పత్రం కనిపెట్టే శ్రమ సగం తప్పింది. కానీ అదే నిబంధన, అందులోని వివరాలు గోప్యంగా ఉంచాలనీ, వాటిని నావికుడి చికిత్సకు తోడ్పడటానికి మాత్రమే వాడాలనీ చెబుతోంది. కాబట్టి పాత పత్రాలను తీసుకుని పరిశోధన చేద్దామంటే కుదరదు; నావికుడి నుంచి విడిగా, అతనికి అర్థమయ్యే భాషలో, స్వచ్ఛందమైన సమ్మతి తీసుకోవాలి. ఆ సమ్మతిని ఎవరు అడుగుతున్నారన్నది కూడా ముఖ్యం. మాస్టర్ అడిగితే అది సమ్మతి అనిపించుకోదు, ఎందుకంటే కాదనే స్వేచ్ఛ అక్కడ లేదు. 1964 నాటి హెల్సింకీ ప్రకటన నుంచీ వైద్య పరిశోధన నీతిలో ఈ పరాధీన సంబంధం గురించిన హెచ్చరిక ఉంది.

దేశాల మధ్య సమాచారం తరలించడం ఇంకో చిక్కు. ఐరోపాలో 2018 మే నుంచి అమలులో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ నియమావళి ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా చూస్తుంది. దీనికి ఆచరణీయమైన మార్గం, సమాచారాన్ని ఎక్కడిదక్కడే ఉంచి ప్రశ్నను మాత్రమే పంపడం. ప్రతి దేశపు బృందం తన దగ్గరున్న రికార్డులను ముందుగా అంగీకరించిన ఒకే నమూనాలోకి మార్చుకుంటుంది. విశ్లేషణ ప్రోగ్రాము ఒక్కటే రాసి అందరికీ పంపుతారు, ఎవరి కంప్యూటరులో వారు నడిపి, మొత్తాలను మాత్రమే వెనక్కు పంపుతారు. ఒక్క మనిషి రికార్డు కూడా సరిహద్దు దాటదు.

ఇంజన్‌గది

గోప్యత_పక్షం గారూ, పేరు తీసేస్తే సరిపోతుందని నాకు ఎవరో చెబితే నమ్మను. ఓడలో ఉండేది ఇరవై ఇరవై అయిదు మంది. అందులో వంటవాడు ఒక్కడే, ఎలక్ట్రికల్ ఆఫీసరు ఒక్కడే. "ట్యాంకర్, ఫలానా దేశస్థుడు, వంటవాడు, యాభై రెండేళ్లు" అని రాస్తే మ్యానింగ్ ఏజెన్సీలో కూర్చున్న గుమాస్తా అయిదు నిమిషాల్లో మనిషిని పట్టుకుంటాడు.

హారం_ఎక్కడ

ఇంజన్‌గది గారి అనుమానం సరైనది, దానికి సాంకేతికమైన జవాబు ఉంది. మొత్తాలు పంపేటప్పుడు అయిదుకంటే తక్కువ మంది ఉన్న గడిని చూపించకూడదనే నియమం పెట్టుకుంటాము. వయసును పదేళ్ల అంతరాలుగా, హోదాను డెక్, ఇంజన్, క్యాటరింగ్ అనే విభాగాలుగా మాత్రమే ఉంచుతాము. ఓడ పేరు, నమోదు సంఖ్య విశ్లేషణ ఫైలులోకి రానే రావు. దీనివల్ల కొంత వివరం నష్టపోతాము, ముఖ్యంగా స్త్రీల విషయంలో ఆ నష్టం ఎక్కువ. దేశాలు ఎక్కువ చేరేకొద్దీ గడులు నిండి ఆ నష్టం తగ్గుతుంది.

మూలభాష

ఆలస్యంగా చేరుతున్నాను. నావికులను ఎక్కువగా పంపే దేశాల్లో ఒకదానిలో మానసిక ఆరోగ్యంపై పనిచేస్తున్నాను. ఒక పాత గాయం గురించి చెప్పి, తరువాత విషయానికి వస్తాను.

కొన్నేళ్ల క్రితం ఒక సంపన్న దేశపు విశ్వవిద్యాలయం చేపట్టిన అధ్యయనానికి మా బృందం నాలుగు వందలకు పైగా నావికులను కలిసి ఇంటర్వ్యూలు చేసింది. ప్రశ్నావళి వారు తయారుచేసి పంపారు. విశ్లేషణ వారే చేశారు. వ్యాసం వెలువడిన సంగతి మాకు తెలిసింది ఒక విద్యార్థి చూపించాక. చివరన కృతజ్ఞతల్లో "స్థానిక సేకర్తలు" అని ఒక మాట ఉంది. కోపం కంటే నాకు మిగిలిన బాధ ఏమిటంటే, ఆ ఫలితాల్లో ఒకటి తప్పు, మమ్మల్ని అడిగి ఉంటే చెప్పేవాళ్లం. మా నావికుల్లో నిరాశ తక్కువని వారు రాశారు. మా భాషలో నిరాశ అనే మాటను మామూలు మనిషి తన గురించి వాడుకోడు. ఒంట్లో సత్తువ లేదంటాడు, తిన్నది ఒంటబట్టడం లేదంటాడు, మనసు ఎక్కడా నిలవడం లేదంటాడు. ఇంగ్లీషు ప్రశ్నను మాటకు మాటగా మార్చి అడిగితే లేదనే చెబుతాడు.

2019లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1,572 మంది నావికుల జవాబులతో వెలువరించిన అధ్యయనంలో నాలుగో వంతు మందిలో నిరాశ లక్షణాలు, అయిదో వంతు మందిలో ఆత్మహత్య లేదా తమను తాము గాయపరచుకోవాలన్న ఆలోచన కనిపించాయి. చాలా విలువైన పని అది. అయితే ఇష్టపడి జవాబిచ్చినవారి నుంచి వచ్చిన సంఖ్యలను నావికులందరికీ వర్తింపజేయడంలో ఎంత జాగ్రత్త అవసరమో హారం_ఎక్కడ గారు నాకంటే బాగా చెప్పగలరు. ఏ భాషలో, ఏ మాటలతో అడిగామన్నది అదే స్థాయి జాగ్రత్త కోరుతుంది. ప్రశ్నావళిని ఒక భాషలో తయారుచేసి తక్కిన భాషల్లోకి మార్చే పద్ధతి మానేసి, నాలుగైదు భాషల్లో నావికులతో కూర్చుని వారి మాటల నుంచి ప్రశ్నలు పుట్టించాలి. అందుకు సమయం పడుతుంది, అనువాదానికి ఇచ్చే డబ్బుకు పది రెట్లు ఖర్చవుతుంది. నా దృష్టిలో మొత్తం నిధుల్లో మొదట ఖర్చు పెట్టాల్సింది దాని మీదే.

ఇంకా సూటిగా చెప్పాలంటే, నావికులను పంపే దేశాల పరిశోధకులు ఇందులో ప్రధాన పరిశోధకులుగా ఉండాలి. వ్యాసాల మీద పేర్ల వరుస, నిధుల పంపకం, సమాచారం మీద హక్కు, ఇవన్నీ పని మొదలుకాక ముందే కాగితం మీద రాసుకోవాలి. అది లేకుండా మా బృందం ఇక ఏ అధ్యయనంలోనూ చేరదు.

తీరరేఖ

మూలభాష గారూ, మీరు అడిగినవన్నీ న్యాయమైనవి. నా మొదటి ముసాయిదాలో ప్రశ్నావళి ఇంగ్లీషులో తయారుచేసి పంచుదామని నేనే రాశాను. ఆ పేజీని తీసేశాను. దాని స్థానంలో మీరు, ఇంకో సరఫరా దేశపు బృందం కలిసి రాసే పత్రం ఉండాలి, నేను దానికి సహాయకురాలిగా ఉంటాను.

ఇప్పటివరకు తేలినదాన్ని బట్టి నేను పంపబోయే ప్రతిపాదన ఇలా మారింది. మొదటి రెండేళ్లు ఏ ఒక్క జబ్బునూ లక్ష్యంగా పెట్టుకోము. దూర వైద్య సలహా కేంద్రాల్లో కనీసం మూడింటిని ఒప్పించి, రేడియో_సలహా గారు చెప్పిన మూడు గడుల నమోదును ప్రయత్నిస్తాము. హారం కోసం సైన్ ఆన్, సైన్ ఆఫ్ (ఓడ ఎక్కిన, దిగిన) తేదీలను నావికుడి సమ్మతితో నేరుగా అతని నుంచే తీసుకుంటాము. ఆ సమ్మతిని ఓడ మీదా ఏజెన్సీ కార్యాలయంలోనూ అడగకుండా, రేవుల్లోని నావికుల సంక్షేమ కేంద్రాల్లో, కార్మిక సంఘాల ద్వారా అడుగుతాము. దిగినప్పుడు ఒకసారి, దిగిన మూడు నెలలకు ఇంకోసారి మాట్లాడతాము. ఒప్పందం ప్రకారం జబ్బుపడ్డ నావికుడి ఖర్చుల బాధ్యతను యజమానులు పదహారు వారాలకు పరిమితం చేసుకునేలా దేశాలు చట్టం చేసుకోవచ్చు. ఆ తరువాత అతని గురించి రాసేవారే ఉండరు కనుక, ఏడాదికి మూడోసారి కూడా మాట్లాడాలని నా కోరిక, నిధులు ఎంతవరకు అనుమతిస్తాయో చూడాలి. మూడు నెలల సంభాషణలో, నావికుడు ఒప్పుకుంటే, ఇంట్లోని ఒకరిని కూడా అడుగుతాము. కెరటం గారూ, ఆ ప్రశ్నలు రాయడంలో మీరు మాతో కూర్చోగలిగితే సంతోషిస్తాను, శ్రమకు తగిన ప్రతిఫలం బడ్జెట్‌లో పెడతాను.

అంతర్జాతీయ నౌకా ఆరోగ్య సంఘం 1997 నుంచి పనిచేస్తోంది, అందులోని వైద్యులతో మాట్లాడటం మొదలుపెట్టాను. బీమా క్లబ్బుల సంగతి ఇంకా తేలలేదు. ప్రపంచ నౌకా సామర్థ్యంలో సుమారు తొంభై శాతానికి బీమా ఇచ్చే క్లబ్బుల దగ్గర జబ్బుల క్లెయిముల రికార్డులు ఉన్నాయి, వాటిని వాడుకోగలిగితే ఎంతో మేలు. కానీ ఇంజన్‌గది గారు చెప్పిన భయం అక్కడ మళ్లీ మొదలవుతుంది కాబట్టి మొదటి దశలో వాటి జోలికి వెళ్లడం లేదు.

కెరటం

కూర్చుంటాను. ప్రతిఫలం సంగతి తరువాత చూద్దాం. ముందు ఒక్క మాట, ఫోను చేసేది మధ్యాహ్నం పూట పెట్టండి. సాయంత్రం పిల్లల ముందు మేము ఇవి మాట్లాడలేము.

వాచ్_ఎనిమిది_పన్నెండు

సమ్మతి పత్రం ముసాయిదా తయారైతే నాకు పంపండి. మా ఓడ మీద నాలుగు దేశాలవారు ఉన్నారు. ఖాళీ సమయంలో, ఎవరి పేరూ రాయకుండా, దాన్ని చదివితే వారికి ఏ వాక్యం అర్థం కాలేదో, ఏ వాక్యం దగ్గర అనుమానం కలిగిందో మాత్రం గుర్తించి పంపుతాను. ఇంటర్నెట్ రోజూ ఉండదు, కనుక ఫైలు చిన్నదిగా ఉండాలి.

ఇంజన్‌గది

పైన నేను రాసిన సెకండ్ ఇంజనీరుతో నిన్న మాట్లాడాను. ఒడ్డునే ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు. ఈ చర్చ గురించి చెప్పి, అప్పట్లో ఇలాంటి అధ్యయనం ఒకటి ఉండి, రేవులో ఎవరో వచ్చి అడిగితే రక్తపోటు సంగతి చెప్పేవాడివా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, అడిగినవాడి దగ్గర కంపెనీ పేరున్న కాగితం ఏదీ లేకపోతే, వాడు నా భాషలో మాట్లాడితే, బహుశా చెప్పేవాణ్ణి అన్నాడు. ఆ రెండు షరతులనూ మీ ముసాయిదాలో అతని మాటల్లోనే చేర్చండి, తీరరేఖ గారూ.